ఇంట్లో కట్టిన విమానం, రోటరీ ఇంజను: వేడి ఎక్కడ చిక్కుకుంటుంది?

విమానం రన్‌వే వదిలి పైకి లేచిన కొద్ది నిమిషాలకే కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే నీటి మిశ్రమం, ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇంజను పూర్తి శక్తితో పనిచేస్తుంటుంది, వేగం తక్కువగా ఉంటుంది, విమానం ముక్కు పైకెత్తి ఉంటుంది. పైలట్ ముక్కు దించి, శక్తి తగ్గించి, కాసేపు సమతలంగా ఎగిరితే ముల్లు వెనక్కి వస్తుంది. మాజ్డా రోటరీ ఇంజనును సొంత విమానంలో బిగించుకున్నవారిలో చాలామందికి ఇది పరిచయమైన అనుభవం. హ్యాంగర్‌కు తిరిగి వచ్చాక మొదట తట్టే ఆలోచన కూడా సాధారణంగా ఒకటే: రేడియేటర్ చాలలేదు, పెద్దది వేద్దాం, లేదా ముందున్న రంధ్రం చాలలేదు, వెడల్పు చేద్దాం. ఈ రెండు మందులూ చాలాసార్లు జబ్బును కదిలించవు, కొన్నిసార్లు ముదురుస్తాయి కూడా. విమానంలో ఇంజను చల్లబడటమనేది ప్రధానంగా రేడియేటర్ ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య గాలి పీడనంలో ఉండే తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడాను కొలవకుండా చేసే మార్పులన్నీ గుడ్డెద్దు జొన్నచేలో పడ్డట్టుగా ఉంటాయి.

ముందుగా మాట స్పష్టత కోసం ఒక విషయం చెప్పాలి. వైమానిక చరిత్రలో రోటరీ ఇంజను అనే పేరుకు రెండు అర్థాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నోమ్, ల రోన్ వంటి ఇంజన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరిగేవి, ఆ తిరుగుడే వాటిని చల్లబరిచేది. ఈ వ్యాసంలో రోటరీ అంటే జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టిన ఇంజను. జర్మన్ వాహన సంస్థ ఎన్‌ఎస్‌యూలో దీని తొలి నమూనా 1957లో నడిచింది. మాజ్డా 1967లో కాస్మో స్పోర్ట్ కారుతో దీన్ని జపాన్ రోడ్ల మీదికి తెచ్చింది. అదే సంస్థ నాలుగు రోటర్ల ఇంజనుతో 1991లో లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. సొంత విమానాలు కట్టేవారు ఎక్కువగా ఎంచుకునేది ఆర్‌ఎక్స్-7 కార్లలో వచ్చిన 13బి ఇంజను. ఒక్కొక్కటి 654 సీసీ గల రెండు గదులు, మొత్తం 1308 సీసీ. అందులో కదిలే ప్రధాన భాగాలు రెండు రోటర్లు, ఒక షాఫ్టు మాత్రమే. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగే ఆ షాఫ్టు వేగాన్ని గేరుబాక్సుతో తగ్గించి ప్రొపెల్లర్‌కు అందిస్తారు.

అమెరికాలో ఔత్సాహికులు తమ చేతులతో కట్టుకున్న విమానాలకు అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రయోగాత్మక తరగతి కింద అనుమతి ఇస్తుంది. నిర్మాణంలో సగానికి మించిన పని ఔత్సాహికులే చేసి ఉండాలన్నది అందులోని ముఖ్య నిబంధన. ఇంజను ఏది పెట్టుకోవాలన్న స్వేచ్ఛ నిర్మాతదే. వ్యాన్స్ సంస్థ ఆర్‌వీ విమానాల్లోనూ, వెనుక ప్రొపెల్లర్ ఉండే లాంగ్-ఈజీ, కోజీ విమానాల్లోనూ రోటరీ ఇంజన్లు ఎగిరింది ఈ స్వేచ్ఛ వల్లనే. కాని స్వేచ్ఛతో పాటు వచ్చే బాధ్యతను తక్కువగా అంచనా వేస్తుంటారు. ఆర్‌వీలో లైకమింగ్ ఇంజను (గాలితోనే చల్లబడే విమాన పిస్టన్ ఇంజను) పెట్టుకునేవారికి గాలిని ఎటు నుంచి ఎటు పంపాలో ఎన్నో విమానాల అనుభవంతో తేలిన కౌలింగ్ (ఇంజనును కప్పే తొడుగు) ఆకృతి సిద్ధంగా దొరుకుతుంది. రోటరీ పెట్టుకున్నవారు ఆ కౌలింగ్‌నే వాడుకున్నా, లోపల గాలి దారిని మొదటి నుంచి తామే రూపొందించుకోవాలి.

వేడి ఒకే చోట పుట్టే ఇంజను

పిస్టన్ ఇంజనులో పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అనే నాలుగు పనులూ ఒకే సిలిండర్‌లో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. మంట తగిలిన గోడకే కాసేపట్లో చల్లని గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం తగులుతుంది. రోటరీలో అలా కాదు. నడుము నొక్కుకుపోయిన వేరుశనగకాయ ఆకారంలో ఉండే గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంటే, పీల్చడం ఎప్పుడూ ఒకే మూలన, మండటం ఎప్పుడూ స్పార్క్ ప్లగ్గులున్న పక్కనే జరుగుతాయి. అందువల్ల గది గోడలో ఒక వైపు ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, ఎదుటి వైపు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. పొయ్యి మీద పెనాన్ని ఒక అంచు మాత్రమే మంట మీద ఉండేలా పెట్టి రోజంతా వదిలేస్తే ఆ ఇనుము ఎలా వంగజూస్తుందో ఊహించుకుంటే, ఈ ఇంజను శరీరం పడే ఒత్తిడి అర్థమవుతుంది.

ఆ శరీరం కూడా ఒకే ముక్క కాదు. అల్యూమినియం రోటర్ హౌసింగులను పోత ఇనుము పలకల మధ్య పెట్టి, పొడవాటి బోల్టులతో బిగిస్తారు. పలకకూ హౌసింగుకూ మధ్య గాడిలో కూర్చున్న రబ్బరు రింగులే కూలెంట్‌ను మంట గదిలోకి పోకుండా ఆపుతాయి. ఇంజను బాగా వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది, ప్లగ్గుల దగ్గర కూలెంట్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే ఆ చోట గోడకు నీరు తగలడం మానేస్తుంది, రబ్బరు గట్టిపడుతుంది. ఒక్కసారి తీవ్రంగా కాగిన ఇంజను ఆ రోజు ఇంటికి చేర్చవచ్చు, కాని తర్వాత అది కూలెంట్‌ను తాగడం మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. రోటరీ మొండిదని, పిస్టన్ ఇంజనులా ఉన్నట్టుండి విరిగి ఆగిపోదని దాని అభిమానులు చెప్పే మాటలో నిజముంది. అయితే ఆ మొండితనం లోపల చమురు, నీరు సరిగ్గా ఉన్నంత కాలమే నిలుస్తుంది.

ఇక రోటర్ సంగతి. మంట ఒక ముఖాన్ని నేరుగా తాకుతున్నా దాని దగ్గరికి నీరు పోదు. షాఫ్టులోని చిన్న జెట్ల నుంచి చిమ్మే ఇంజను ఆయిల్ మాత్రమే రోటర్ లోపలి గుల్లలో పడి, వేడిని మోసుకుని బయటికి వస్తుంది. కాబట్టి ఈ ఇంజనులో ఆయిల్ రాపిడి తగ్గించే ద్రవం మాత్రమే కాదు, రెండో కూలెంట్ కూడా. కూలెంట్, ఆయిల్ కలిసి బయటికి తెచ్చే వేడిలో సుమారు మూడింట ఒక వంతు ఆయిల్ వాటా. నా దృష్టిలో ఈ ఒక్క వాస్తవాన్ని మొదట్లోనే గట్టిగా పట్టుకున్న నిర్మాత సగం కష్టాల నుంచి బయటపడతాడు. రేడియేటర్‌కు మంచి చోటు ఎంచి, మిగిలిన మూలలో ఆయిల్ కూలర్‌ను ఇరికించిన విమానాల్లో చాలాసార్లు నీటి ఉష్ణోగ్రత అదుపులోకి వచ్చాక కూడా ఆయిల్ ఉష్ణోగ్రతే మొండికేస్తుంది.

మూడో వేడి ఎగ్జాస్టుది. రోటరీకి ఎగ్జాస్టు వాల్వు లేదు. రోటర్ మూల దాటగానే రంధ్రం ఒక్కసారిగా తెరుచుకుంటుంది, వాయువు ఇంకా బాగా వేడిగా ఉండగానే బయటికి దూకుతుంది. అంతే శక్తికి లైకమింగ్ కన్నా కొంత ఎక్కువ పెట్రోలు తాగే ఈ ఇంజనులో ఆ అదనపు శక్తి ఎక్కువ భాగం ఈ దారినే పోతుంది. ఇది రేడియేటర్ మీద నేరుగా పడే భారం కాకపోయినా, కౌలింగ్ లోపల ఎర్రగా కాలే గొట్టం పక్కనే కూలర్లు, హోస్ పైపులు, పెట్రోలు పైపులు ఉన్నప్పుడు దాన్ని లెక్కలోంచి వదిలేయలేం.

ఎంత గాలి కావాలి?

ఒక చిన్న లెక్క వేసుకుందాం. పైకి ఎక్కేటప్పుడు 13బి 160 హార్స్‌పవర్, అంటే సుమారు 120 కిలోవాట్లు ఇస్తోందనుకుందాం. నీరు, ఆయిల్ కలిసి మోసే వేడి షాఫ్టు శక్తికి దాదాపు సమానమని ముతకగా అంచనా వేస్తే, కూలెంట్ వాటా 80, ఆయిల్ వాటా 40 కిలోవాట్లు అవుతుంది. రేడియేటర్ గుండా పోయే గాలి 40 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, 80 కిలోవాట్లను తీసుకుపోవడానికి సెకనుకు 2 కిలోల గాలి కావాలి. ఆయిల్ కూలర్‌కు ఇదే లెక్కన ఇంకో కిలో. మొత్తం 3 కిలోలంటే సముద్రమట్టం దగ్గర సెకనుకు సుమారు రెండున్నర ఘనమీటర్ల గాలి. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్న విమానం ముందున్న గాలి అదే వేగంతో లోపలికి వస్తే అందుకు 600 చదరపు సెంటీమీటర్ల ద్వారం సరిపోతుంది. ఇది ఒక ఏ4 కాగితం వైశాల్యం కన్నా కొంచెం తక్కువ, అంతే. అంటే ద్వారం సైజు దగ్గర అసలు చిక్కు లేదు. ఆ గాలి లోపలికి వచ్చి, దట్టమైన రేడియేటర్ రెక్కల సందుల్లోంచి దూరి, తిరిగి బయటపడటానికి కావలసిన బలం ఎక్కడి నుంచి వస్తుందన్నదే ప్రశ్న.

ఆ బలం విమానం వేగం నుంచి వస్తుంది, వేగం వర్గానికి అనుపాతంలో వస్తుంది. సముద్రమట్టం దగ్గర గంటకు 300 కిలోమీటర్ల వేగంలో గాలిని పూర్తిగా ఆపితే దొరికే అదనపు పీడనం సుమారు 43 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. 150 కిలోమీటర్ల వేగంలో అది 11 సెంటీమీటర్లకు పడిపోతుంది. సమతలంగా ఎగిరేటప్పుడు హాయిగా చల్లబడే ఇంజను ఎక్కేటప్పుడు ఎందుకు కాగుతుందో ఇందులోనే ఉంది: పుట్టే వేడి ఎక్కువ, దాన్ని తీసుకుపోయే గాలిని నెట్టే పీడనం నాలుగో వంతు. ఎక్కే వేగాన్ని 150 నుంచి 180 కిలోమీటర్లకు పెంచితే ఈ పీడనం 44 శాతం పెరుగుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేయగల మెరుగుదల ఇదే, ముక్కును కొంచెం దించి ఎక్కడం.

లైకమింగ్ కౌలింగ్‌ను ఉన్నదున్నట్టు వాడుకున్నప్పుడు వచ్చే ఇబ్బందికి మరో కారణం ఉష్ణోగ్రతల తేడా. లైకమింగ్ సిలిండర్ హెడ్డుకు గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. దాని రెక్కల మీదుగా పోయే గాలికీ లోహానికీ మధ్య అంతరం చాలా పెద్దది. రోటరీలో కూలెంట్‌ను 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచాలి. బయట 15 డిగ్రీలుంటే కూలెంట్‌కూ గాలికీ అంతరం 85. అరిజోనా వేసవిలోనో, మన రెంటచింతల మే నెల మధ్యాహ్నంలోనో 43 డిగ్రీలుంటే అంతరం 57. అదే రేడియేటర్, అదే గాలి, కాని సామర్థ్యంలో మూడో వంతు ఎగిరిపోయింది.

గాలి దారి: ముందు, మధ్య, వెనుక

పొలానికి నీళ్లు పెట్టిన రైతుకు ఇది వేరేగా చెప్పనక్కర్లేదు. పై మడవను ఎంత వెడల్పు చేసినా కింది మడవ మూసుకుపోయి ఉంటే మడిలో నీరు నిలుస్తుంది తప్ప పారదు. కౌలింగ్ లోపల గాలి కూడా అంతే. రేడియేటర్ వెనుక పీడనం ముందున్నంతగా పెరిగిపోతే, ముందు ద్వారంలో ఎంత గాలి దూసుకొచ్చినా అది లోపలికి పోలేక అంచుల మీదుగా బయటికే పొర్లిపోతుంది. అలా పొర్లిన గాలి విమానానికి అదనపు డ్రాగ్‌ను, అంటే వెనక్కి లాగే గాలి నిరోధాన్ని, మిగులుస్తుంది, చల్లదనాన్ని ఇవ్వదు. ద్వారాన్ని పెద్దది చేసినప్పుడు వేగం తగ్గి, ఉష్ణోగ్రత మాత్రం తగ్గకపోతే జరిగింది ఇదేనని అనుమానించాలి.

ముందు భాగంలో చూడవలసింది ద్వారం అంచు. అది గుండ్రంగా, కొంత మందంగా ఉండాలి. పదునైన అంచు సమతలంగా ఎగిరేటప్పుడు పనిచేసినా, ముక్కు పైకెత్తినప్పుడు గాలి దాని దగ్గర విడిపోయి సుడులు తిరుగుతుంది, సరిగ్గా అవసరమైన సమయానికే పీడనం పోతుంది. పొట్ట కింద లేదా పక్కన ద్వారం పెట్టేవారికి ఇంకో సమస్య ఉంది. విమానం చర్మాన్ని అంటిపెట్టుకుని మందగించిన గాలి పొర ఒకటి ప్రవహిస్తుంటుంది, దానిలో బలం తక్కువ. అమెరికన్ యుద్ధవిమానం పీ-51 మస్టాంగ్ పొట్ట కింద ఉన్న రేడియేటర్ ద్వారానికీ పొట్టకూ మధ్య స్పష్టమైన సందు కనిపిస్తుంది. ఆ నీరసపు పొరను బయటే వదిలేసి బలమైన గాలినే లోపలికి తీసుకోవడానికి ఆ ఏర్పాటు. చర్మంలోకి దిగినట్టుండే నాకా ద్వారం చూడటానికి అందంగా ఉన్నా, రేడియేటర్ లాంటి గట్టి అడ్డును దాటించే పీడనాన్ని అది ఇవ్వడం కష్టం. లాంగ్-ఈజీ రకం విమానాల్లో ముందున్న పొట్ట పొడవంతా ఆ పొర మందమవుతూ వస్తుంది కనుక ఈ విషయం మరింత ముఖ్యం.

ద్వారానికీ రేడియేటర్‌కూ మధ్య ఉండేదే డిఫ్యూజర్, అంటే క్రమంగా వెడల్పయ్యే గొట్టం. చిన్న ద్వారంలో వేగంగా వచ్చిన గాలి ఇందులో నెమ్మదించి, ఆ వేగం పీడనంగా మారి, రేడియేటర్ ముఖమంతా సమానంగా నొక్కాలి. గోడలు మరీ వేగంగా విచ్చుకుంటే, ఒక్కో పక్కకు సుమారు 7 డిగ్రీలు దాటితే, గాలి గోడను వదిలేసి మధ్యలో ధారలా కొడుతుంది. రేడియేటర్ నడుమ ఒక చోటే గాలి పోతుంది, మిగతా ముఖం ఊరికే ఉంటుంది. అంత సన్నని కోణంలో విచ్చుకోవాలంటే గొట్టం చాలా పొడుగవ్వాలి, కౌలింగ్‌లో అంత చోటుండదు. జర్మన్ గాలిగతి శాస్త్రజ్ఞులు డీట్రిచ్ క్యూషెమన్, యోహన్నా వెబర్ చూపించిన ఆకారం ఇక్కడ నిర్మాతలకు ఆసరా అయ్యింది: మొదట సన్నగా కొంత దూరం వచ్చి, రేడియేటర్ దగ్గర మాత్రం సన్నాయి మూతిలా ఒక్కసారి విచ్చుకునే గొట్టం. ఎదురుగా ఉన్న రేడియేటర్ అడ్డే గాలిని పక్కలకు తోసి ఆ విచ్చుకున్న భాగాన్ని నింపుతుంది కనుక అక్కడ గాలి గోడను వదలదు. పొట్టి గొట్టంతో ఎక్కువ పీడనం రాబట్టే ఈ ఉపాయం చాలా రోటరీ విమానాల్లో పనికొచ్చింది.

ఇంత చేసినా కన్నాలుంటే అంతా వృథా. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. రేడియేటర్ చుట్టూ వేలు దూరేంత సందు ఉంటే, దట్టమైన రెక్కల్లోంచి పోవలసిన గాలి ఆ సందులోంచి జారిపోతుంది. డిఫ్యూజర్ రేడియేటర్ అంచుకు సిలికాన్ సీలెంట్‌తోనో, రబ్బరు పట్టీతోనో పూర్తిగా అతుక్కోవాలి. రాత్రిపూట లోపల ఒక దీపం పెట్టి బయటి నుంచి వెలుతురు ఎక్కడ కారుతోందో చూడటం చాలా పాత పద్ధతే కాని ఇప్పటికీ దానికి సాటి లేదు.

రేడియేటర్ విషయానికొస్తే, అమెరికన్ రోటరీ నిర్మాతల్లో కొందరు పాత కార్ల ఏసీలోని ఇవాపరేటర్ కోర్లను, అంటే గొట్టాలూ రెక్కలూ కలిసిన లోపలి భాగాలను, తెచ్చి, కౌలింగ్ రెండు ద్వారాల వెనుక ఒక్కొక్కటి పెట్టుకున్నారు. అవి చిన్న ముఖంతో, ఎక్కువ మందంతో ఉండే అల్యూమినియం దిమ్మలు. మందమైన కోర్‌కు ఎక్కువ పీడనం కావాలి, కాని గాలి తక్కువ చాలు. పల్చని, వెడల్పాటి కోర్‌కు పీడనం తక్కువ చాలు, గాలి ఎక్కువ కావాలి. వేగంగా ఎగిరే విమానానికి మంచి డక్టుతో (గాలిని నడిపించే గొట్టంతో) కలిపి మందమైన కోర్ నప్పుతుంది; నెమ్మదిగా ఎగిరే, ఎక్కువసేపు ఎక్కే విమానానికి వెడల్పైనదే మేలు. ఏది మంచిదన్న వాదం ఎంత సాగినా, డక్టు ఎలా ఉందో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

వెనుక భాగానికే అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ దక్కుతుంది. రేడియేటర్ దాటిన గాలి 40 డిగ్రీలు వేడెక్కి పదమూడు శాతం దాకా ఉబ్బి ఉంటుంది, పైగా ఇంజను దిమ్మ, మౌంటు గొట్టాలు, వైర్ల మధ్య నుంచి దారి చేసుకోవాలి. ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య అడ్డుగోడ అయిన ఫైర్‌వాల్ కింది అంచు దగ్గర గాలి లంబకోణంలో మలుపు తిరగవలసి వస్తే అక్కడే చాలా పీడనం వృథా అవుతుంది. ఆ మూలలో గుండ్రంగా వంచిన రేకు బిగించడం చవకైన, ఫలితమిచ్చే పని. బయటికి వెళ్లే ద్వారం ఎక్కేటప్పుడు పెద్దదిగా, సమతలంగా ఎగిరేటప్పుడు చిన్నదిగా ఉండాలి కనుక, కాక్‌పిట్ నుంచి తెరిచి మూసే కౌల్ ఫ్లాప్ పెట్టడం న్యాయమైన పరిష్కారం. కొందరు బరువు, సంక్లిష్టత పెరుగుతాయని దాన్ని వద్దంటారు. ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతంలో ఎగిరే రోటరీ విమానానికి అది విలాసం కాదని నేను నమ్ముతాను.

మస్టాంగ్ పేరెత్తగానే మెరెడిత్ ప్రభావం ప్రస్తావనకు వస్తుంది. ఫార్న్‌బరోలో పనిచేసిన బ్రిటిష్ ఇంజనీరు మెరెడిత్ 1930ల మధ్యలో చూపించిన సంగతి ఇది: రేడియేటర్‌లో వేడెక్కిన గాలిని సన్నబడే గొట్టంలోంచి వెనక్కి వేగంగా వదిలితే అది కొంత తోపును ఇస్తుంది, రేడియేటర్ వల్ల వచ్చిన డ్రాగ్ చాలావరకు తీరిపోతుంది. సూత్రం నిజమే. కాని ఆ లాభం గంటకు 600 కిలోమీటర్ల వేగాల్లో కనిపించినట్టు 250, 300 కిలోమీటర్ల విమానంలో కనిపించదు. మనకు అందులోంచి దక్కే పాఠం ఒక్కటే: బయటికి వెళ్లే గాలిని ఇష్టం వచ్చినట్టు వదిలేయకుండా, విమానం వెంబడి ప్రవహించే గాలికి సమాంతరంగా, వీలైనంత వేగంగా కలపాలి.

నీటి గొట్టం, పాత కొలమానం

ఇక్కడి దాకా చెప్పినదంతా ఊహతో తేల్చుకోనక్కర్లేదు. ఒక పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు బిగించి, అందులో రంగు నీళ్లు పోసి, సెంటీమీటర్ల గీతలు గీస్తే మానోమీటర్ తయారు. ఒక కొస విమానం స్టాటిక్ పీడనానికి (వేగం ప్రభావం లేని బయటి గాలి పీడనానికి), మరో కొస కౌలింగ్ లోపల కొలవదలచిన చోటికి కలపాలి. లోపలి కొస మీద గాలి నేరుగా కొడితే కొలత తప్పుతుంది కనుక, చివర మూసి పక్కన చిన్న రంధ్రాలు చేసిన లోహపు గొట్టం వాడాలి. వాడని ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ఉంటే అదీ పీడన కొలమానమే. ఎదురుగాలి పీడనాన్ని పట్టే పిటో గొట్టం బదులు ఈ గొట్టం కలిపితే చాలు.

గంటకు 150 కిలోమీటర్ల వేగంలో లభ్యమయ్యే పీడనం 11 సెంటీమీటర్లని ముందే చూశాం. రేడియేటర్ ముందు 9, వెనుక 1 కనిపిస్తే 8 సెంటీమీటర్లు కోర్‌కు దక్కుతున్నాయి, గాలి దారి బాగుంది. ముందు 9, వెనుక 5 ఉంటే కోర్‌కు దక్కేది నాలుగే. రోగం బయటికి పోయే ద్వారంలో ఉంది, ముందు భాగాన్ని ముట్టుకోనే కూడదు. రేడియేటర్ ముందు భాగంలోనే 4 ఉంటే అంచు, డిఫ్యూజర్, కన్నాలు, ఈ మూడింటిలో ఏదో ఒకటి దొంగ. రెండు ఎగురుడుల్లో తేలిపోయే ఈ విషయం తెలుసుకోకుండా నెలల తరబడి ఫైబర్‌గ్లాస్ కోసి అతికించడం నిజంగా బాధ కలిగించే శ్రమ.

పీడనంతో పాటు ఉష్ణోగ్రతలు చూడాలి. కోర్ వెనుక గాలిలో ఒక సెన్సార్, రేడియేటర్‌కు వచ్చే కూలెంట్‌లో ఒకటి, తిరిగి వెళ్లే కూలెంట్‌లో ఒకటి. బయట 35 డిగ్రీలు, కూలెంట్ 105, కోర్ దాటిన గాలి 90 అయితే ఆ గాలి మోయగలిగినంత మోసింది. పెద్ద రేడియేటర్ పెట్టినా లాభం లేదు, ఎక్కువ గాలి కావాలి. అదే గాలి 55 డిగ్రీలకే బయటికి వస్తుంటే గాలి పుష్కలంగా ఉంది, వేడే దానికి అందడం లేదు. అప్పుడు కోర్ మందం, లేదా లోపల కూలెంట్ ప్రవాహం చూడాలి. కూలెంట్ రేడియేటర్‌లో 7, 10 డిగ్రీలు చల్లబడి తిరిగి పోతే ప్రవాహం సరిగ్గా ఉన్నట్టు. పాతిక డిగ్రీలు చల్లబడుతుంటే, రేడియేటర్ బాగా పనిచేస్తోందని సంతోషపడరాదు. నీరు తగినంత వేగంగా తిరగడం లేదని అర్థం.

నీటి దారిలోని చిక్కులు

గాలి దారి బాగుండి కూడా వేడి తగ్గనప్పుడు చూపు కూలెంట్ గొట్టాల మీదికి మళ్లాలి. మొదటి అనుమానితుడు థర్మోస్టాట్, అంటే ఉష్ణోగ్రతను బట్టి తెరుచుకునే వాల్వు. మాజ్డా ఇంజనులో థర్మోస్టాట్ కింద ఒక బైపాస్ దారి ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఆ దారిలో తిరిగి, వేడెక్కాక థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని ఆ దారిని మూసేస్తుంది. ప్రవాహానికి అడ్డెందుకని థర్మోస్టాట్ తీసేసినవారు ఆ బైపాస్‌ను మూయడం మరిచిపోతే, వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖమే చూడకుండా మళ్లీ ఇంజనులోకి పోతుంది. అడ్డు తొలగిద్దామని చేసిన పనే కాగుడుకు కారణమవుతుంది.

రెండోది గొట్టాల్లో చిక్కుకున్న గాలి. కారులో రేడియేటర్ మూతే సాధారణంగా ఎత్తైన చోటు. విమానంలో కోర్లు ఇంజను కన్నా కిందనో, పక్కనో ఉంటాయి, గొట్టాలు పైకి లేచి కిందికి దిగుతుంటాయి. ప్రతి గూనిలోనూ గాలి బుడగ నిలుస్తుంది. అన్నింటికన్నా ఎత్తున ఒక ట్యాంకు పెట్టి, ఇంజను పై భాగం నుంచి, ప్రతి కోర్ పై మూల నుంచి సన్నని గొట్టాలు దానిలోకి తెస్తే గాలి తనంతట తానే బయటపడుతుంది. రెండు కోర్లను సమాంతరంగా కలిపినవారికి ఇది మరీ ముఖ్యం. సమాంతరంగా కలిపితే ఒక్కో కోర్‌లో సగం ప్రవాహమే పోయి పంపు మీద భారం తగ్గుతుంది, కాని ఒక దానిలో గాలి చిక్కుకుంటే నీరంతా రెండో దానిలోంచే పోతుంది, గేజ్ మీద మాత్రం మొత్తం మీద వేడి ఎక్కువైందనే కనిపిస్తుంది. రెండు కోర్ల బయటి గొట్టాలకూ వేర్వేరు సెన్సార్లు పెట్టనిదే ఈ దొంగ దొరకడు.

కారు రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి తాకే వేగంలో విమానం ఇంజను గంటల తరబడి తిరుగుతుంది. ఆ వేగంలో నీటి పంపు ముందు పీడనం పడిపోయి, రెక్కల దగ్గర ఆవిరి బుడగలు పుట్టి, ప్రవాహం తగ్గవచ్చు. కొంచెం పెద్ద పుల్లీతో పంపును నెమ్మదింపజేయడం పందెం కార్లలో కూడా ఉన్న పద్ధతి. విద్యుత్ పంపు పెట్టేవారూ ఉన్నారు, అయితే ఆల్టర్నేటర్ ఆగిపోయినప్పుడు ఇంజను చల్లదనం కూడా బ్యాటరీ మీదికి వచ్చిపడుతుందని వారు గుర్తుంచుకోవాలి. ప్రెషర్ మూతను కూడా తేలిగ్గా తీసుకోరాదు. 10 వేల అడుగుల ఎత్తులో మూత లేని నీరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఒక బార్ పీడనం నిలిపే మూత ఉంటే ఆ హద్దు ఎంతో పైకి పోతుంది. మూత బలహీనపడితే, నేల మీద కనిపించని మరుగుడు ఎత్తులో కనిపిస్తుంది.

ఆయిల్ వైపు కొలతలు ఇలాగే తీసుకోవాలి, కాని ఆయిల్ స్వభావం వేరు. చల్లబడిన కొద్దీ అది చిక్కబడి, కూలర్ గొట్టం గోడకు పల్చని దుప్పటిలా అంటుకుని, లోపలి వేడిని బయటికి రానీయదు. అందుకే లోపల ఆయిల్‌ను కలియబెట్టే రెక్కలున్న కూలర్ మేలు. ఆయిల్ కూలర్‌కు రేడియేటర్‌తో సమానమైన స్వంత డక్టు, స్వంత నిష్క్రమణ దారి ఇవ్వాలి. రేడియేటర్ దాటి వేడెక్కిన గాలినే దానికి పంపితే పని సగమైనా జరగదు. ఆయిల్ వేడిని నీటికే అప్పగించే మార్పిడి యంత్రాలు కొన్ని ఆర్‌ఎక్స్-7 కార్లలో వచ్చాయి. వాటి వల్ల కూర్పు చిన్నదవుతుంది, ఆయిల్ త్వరగా వేడెక్కుతుంది. కాని ఆ 40 కిలోవాట్లూ ఎక్కడికీ పోవు, రేడియేటర్ నెత్తిన పడతాయి.

ఎగ్జాస్టు గొట్టానికి స్టెయిన్‌లెస్ రేకు కవచం, పక్కనున్న హోస్ పైపులకూ పెట్రోలు పైపులకూ మంట తట్టుకునే తొడుగులు తప్పనిసరి. రన్‌వే దగ్గర ఇంజను నడుపుతూ నిరీక్షించినప్పుడు ఇక్కడి వేడే కౌలింగ్ అంతా నిండుతుంది, ఎందుకంటే ప్రొపెల్లర్ మొదళ్లు ద్వారాల వైపు తోసే గాలి చాలా తక్కువ. విమానాన్ని గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టడం, తనిఖీలన్నీ ఇంజను మొదలుపెట్టక ముందే వీలైనంత పూర్తిచేయడం ఎక్కే ముందు కొన్ని విలువైన డిగ్రీలను మిగులుస్తాయి.

మార్పు ఏదైనా ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ అదే శక్తితో, అదే వేగంతో, అదే ఎత్తు దాకా ఎక్కి కొలవాలి. ఆ కొలతలను ఆ రోజు ఎండతో కలిపి రాసుకోవడం మరవరాదు. అదే శక్తి, అదే వేగం ఉన్నప్పుడు బయటి గాలి ఒక డిగ్రీ పెరిగితే కూలెంట్, ఆయిల్ కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతాయి. చిన్న సర్టిఫైడ్ విమానాల చల్లదన పరీక్షలకు అమెరికా నిబంధనలు చాలాకాలం ప్రమాణంగా తీసుకున్నది 100 డిగ్రీల ఫారెన్‌హీట్ రోజును, అంటే సుమారు 38 డిగ్రీల సెల్సియస్‌ను. పరీక్ష చల్లని రోజున జరిగితే ఆ తేడాను కొలతకు కలుపుకోవాలి. సొంత విమానానికి ఆ నిబంధన వర్తించకపోయినా లెక్క వర్తిస్తుంది. నవంబరు ఉదయం 18 డిగ్రీల చలిలో 90 దగ్గర నిలిచిన కూలెంట్ ముల్లు 38 డిగ్రీల మధ్యాహ్నం 110 చూపిస్తుంది, ఆ విమానం గాలి దారిలో ఇంకా చేయవలసిన పని మిగిలే ఉంది.